డబ్బా మూత తీయడం మనమే నేర్చుకోవాలి

అర్ధరాత్రి కరెంటు పోయిన సంగతి ముందు రొయ్యకు తెలుస్తుంది, ఆ తర్వాతే మనకు. పగలంతా నీళ్లలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను తినేస్తాయి. తెల్లవారుజామున అది అట్టడుగుకు పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలని అందరూ చెప్పేదే. ఒత్తుగా పిల్ల వేసిన వనామీ గుంటలో ఆ వేళప్పుడు ఏరేటర్లు ఆగితే, కాపలా మనిషికి మెలకువ వచ్చేసరికి గట్టు వెంబడి రొయ్యలు తేలుతుంటాయి. మూణ్నెల్లు పెట్టిన మేత, డీజిలు, అప్పు అన్నీ ఆ ఒక్క గంటలో పోతాయి. బోగోలు నుంచి ముత్తుకూరు దాకా ఈ నష్టం ఎరగని ఊరు మన తీరంలో తక్కువ.

మా సభ్యుల్లో ఒకరికి ఇలాగే జరిగింది. ఆయన జాగ్రత్త లేని మనిషేం కాదు. కరెంటు పోతే ఫోనుకు కబురు పంపే డబ్బా ఒకటి వేలు పోసి కొన్నాడు. మొదటి పంట బాగానే పనిచేసింది. రెండో పంటలో మూగబోయింది. అమ్మిన వాళ్లకు ఫోన్ చేస్తే సిమ్ రీచార్జి అన్నారు, తర్వాత ఏటా కట్టే రుసుము అన్నారు, ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. డబ్బా విప్పి చూద్దామంటే లోపలంతా గట్టిబడిన జిగురు పోసి ఉంది. ఆ కంపెనీని తిట్టడం మా ఉద్దేశం కాదు, అలాంటివి పది ఉన్నాయి. మమ్మల్ని ఆలోచింపజేసింది వేరే సంగతి: ఆ డబ్బా చేసే పని ఎంత చిన్నదో మా అందరిలో ఒక్కరికీ తెలియదు.

ఆయిల్ ఇంజన్ల కాలంలో ఇలా లేదు. ఇంజను మొరాయిస్తే విప్పే చెయ్యి ప్రతి ఊళ్లోనూ ఒకటి ఉండేది. నాజిల్ ఏదో, పిస్టన్ రింగు ఏదో రైతుకు తెలుసు. మోటార్లు వచ్చాక వైండింగ్ షాపు మీద ఆధారపడ్డాం, సరే, అది పక్క ఊళ్లోనే ఉంది. ఇప్పుడు స్టార్టర్ లోపలికి కార్డు వచ్చింది, మేత వేసే యంత్రంలోకి వచ్చింది, డ్రోనులోకి వచ్చింది. విద్య మన ఊళ్లో లేకపోతే పగ్గం ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పాలా?

ఇంటర్ చదివే ఒక కుర్రాడు, నష్టపోయిన రైతు తమ్ముడి కొడుకు, ఈ మాటలు విని నవ్వాడు. "పెదనాయనా, దీనికి ప్రోగ్రాం కూడా అక్కర్లా. పాత ఫోన్ చార్జరు ఒకటి, అయిదు ఓల్టుల రిలే ఒకటి, బ్యాటరీ హారను ఒకటి ఉంటే చాలు," అన్నాడు.

రిలే అంటే కరెంటుతో కదిలే స్విచ్చు, అంతే. లోపల తీగ చుట్ట ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ అది అయస్కాంతమై చిన్న రేకును తన వైపు లాగి పట్టుకుంటుంది. కరెంటు పోగానే పట్టు వదులుతుంది, రేకు వెనక్కి వెళ్లి రెండో కాంటాక్టును తాకుతుంది. హారను తీగలు ఆ రెండో కాంటాక్టుకు కలిపితే కరెంటు పోయిన మరుక్షణం హారను మోగుతుంది. పాత బైకు బ్యాటరీ సరిపోతుంది. మెయిన్ లైను తీగ ఒక్కటి కూడా ముట్టుకోనక్కర్లేదు, చార్జరును ప్లగ్గులో పెట్టడమే.

అక్కడితో అయిపోలేదు. మూడు ఫేజులకూ మూడు చార్జర్లు పెట్టి, ఏ ఒక్కటి పోయినా మోగేట్టు చేశాం. ఒక ఫేజు పోవడం మొత్తం పోవడం కంటే ప్రమాదం, మోటారు మూలుగుతూ కాలిపోతుంది. ఒకనాడు నిజంగానే ఒక ఫేజు పోయింది. హారను మోగలేదు. కుర్రాడు రెండ్రోజులు తల పట్టుకున్నాడు. చివరకు తేలిందేమంటే, తిరుగుతున్న మోటారే పోయిన ఫేజులోకి కొంత ఓల్టేజీని తిరిగి పుట్టిస్తుంది. ఫోన్ చార్జరుకేమో 100 ఓల్టులు ఉన్నా చాలు, మామూలుగానే పనిచేస్తుంది. అందుకే అది మాకు అబద్ధం చెప్పింది. ఈ ఒక్క ఓటమిలో మేం నేర్చుకున్నంత ఏ కంపెనీ ప్రదర్శనలోనూ నేర్చుకోలేదు. ఫేజు కాపలాకు ఐఎస్‌ఐ మార్కు ప్రివెంటరే పెట్టుకున్నాం, హారను మాత్రం మొత్తం కరెంటు పోయినప్పుడు మోగడానికి ఉంచాం.

ఏమీ తెలియనివాడు ఎక్కడ మొదలుపెట్టాలని మమ్మల్ని అడుగుతున్నారు. ఇలాంటి చోటే. మీకు నిజంగా అవసరమైన ఒక చిన్న పని ఎంచుకోండి. ఆ తర్వాత ప్రోగ్రాం నేర్చుకోవాలంటే ఆర్డువినో బోర్డు ఉంది. 2005లో ఇటలీలోని ఇవ్రియా ఊళ్లో, ఇంజనీర్లు కాని విద్యార్థుల కోసం తయారైంది. దాని నక్షా బహిరంగం, ఎవరైనా తయారు చేసుకోవచ్చు, అందుకే దాని నకళ్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. మద్రాసు రిచీ స్ట్రీటుకు పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తెచ్చుకుని ఇంటికి రావచ్చు. మొదటి పాఠం ఎక్కడైనా ఒకటే: బోర్డు మీది చిన్న దీపం సెకను వెలగడం, సెకను ఆరడం. నవ్వొస్తుంది గానీ, ఆ సెకను అన్నచోట అరగంట అని రాస్తే అది మోటారు టైమరు. రాసే భాష ఇంగ్లిషే. కానీ మొదట కావలసిన మాటలు ఇరవైకి మించవు. ఎరువుల బస్తా మీది ఇంగ్లిషు చదివే రైతుకు అదొక లెక్క కాదు.

రెండో పాఠంగా నీళ్ల వేడి కొలవండి. డీఎస్18బీ20 అనే సెన్సారు నీళ్లలో ముంచే రకం దొరుకుతుంది, అర డిగ్రీ అటూ ఇటూగా నిజమే చెబుతుంది. ఆక్సిజన్ కొలిచే సెన్సారు జోలికి మాత్రం మొదట్లోనే పోవద్దు. ఖరీదు ఎక్కువ, పాచి పట్టిందంటే తప్పుడు లెక్క చూపిస్తుంది, తప్పుడు లెక్క నమ్మి నిద్రపోయినవాడి గుంట ఖాళీ. నేల తేమ చూసే రెండు పుల్లల చవక సెన్సారూ అంతే, తుప్పు పట్టి త్వరలోనే పనికిరాకుండా పోతుంది. మన ఉప్పు గాలికి బోర్డులు కూడా తట్టుకోవు. మూత బిగిసే డబ్బాలో పెట్టి, తీగలు కింది నుంచి లోపలికి తెచ్చి, సోల్డరు చేసిన వైపు వార్నిషు పూయాలి. మైపాడు గాలికి మా మొదటి బోర్డు ఒక్క వానాకాలమే బతికింది.

వరి రైతుకు ఇంకా సులువు. చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టం మడిలో పాతి, నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి నీళ్లు దిగాకే మళ్లీ పెట్టుకునే పద్ధతి ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పిందే. పూత దశలో మాత్రం నీళ్లు తగ్గనివ్వకూడదు. ఆ గొట్టంలో తేలే స్విచ్చు ఒకటి వేస్తే గట్టు మీద దీపం వెలుగుతుంది. సెన్సారు లేకపోతే కొలబద్ద పుల్లే చాలు, అది వేరే మాట.

ఒక్కటి గట్టిగా చెబుతాం. మనం చేతులు పెట్టేది 5 ఓల్టులు, 12 ఓల్టుల దగ్గరే. 230, 415 ఓల్టుల స్టార్టర్ డబ్బా తెరవాలంటే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ రావాలి. తడి కాళ్లతో మోటారు దగ్గర ప్రాణం వదిలిన రైతులను చూశాం. పిల్లలకు ఈ సరదా నేర్పేటప్పుడు ఈ గీత మొదట గీయండి.

మరి పగలే 9 గంటల కరెంటు అడగాల్సిన సంఘం బొమ్మలాట నేర్పుతోందా అని కొందరు సభ్యులు కోప్పడ్డారు. కోపం న్యాయమే. హారను మోగినంత మాత్రాన కరెంటు రాదు. మన డిమాండు ఒక్క అక్షరం కూడా తగ్గదు. కానీ కరెంటు ఏ తేదీన ఎన్ని గంటలకు పోయింది, ఎంతసేపటికి వచ్చింది అన్నది ఒక చిన్న బోర్డు, గడియారం చిప్పు, మెమరీ కార్డు రాసిపెడతాయి. సబ్‌స్టేషన్ దగ్గరికి ధర్నాకు పోయేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉండటం వేరు, నోటి మాట వేరు.

అమెరికాలో ట్రాక్టరు సాఫ్ట్‌వేరుకు కంపెనీలు తాళాలు వేస్తే, అక్కడి రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కు చట్టం చేసింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలను అందులో చేర్చింది. చట్టం మాత్రం రాలేదు. డబ్బాలో జిగురు పోసి అమ్మకూడదని, సర్క్యూటు నక్షా, విడి భాగాలు ఇచ్చే పరికరానికే సబ్సిడీ ఇవ్వాలని మనం అడగాలి.

ఇంకొకటి బడి సంగతి. నీతి ఆయోగ్ 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులు పెడుతోంది, బడికి 20 లక్షల దాకా గ్రాంటు. 2025 బడ్జెట్‌లో అయిదేళ్లలో మరో 50,000 ప్రభుత్వ బడుల్లో పెడతామన్నారు. ఆర్డువినోలు, సోల్డరింగ్ ఐరన్లు ప్రజల సొమ్ముతో కొన్నవి. మన తీరం హైస్కూళ్లకు ఎన్ని వచ్చాయి, వచ్చినవాటికి తాళం ఎందుకుందో గ్రామ కమిటీలు వెళ్లి అడగండి. ఆదివారం పూట రెండు గంటలు రైతులకూ, బడి మానేసిన పిల్లలకూ తెరవమనండి. ఆడపిల్లల్ని తప్పక పంపండి. మా దగ్గర సోల్డరు అందరికంటే శుభ్రంగా పెట్టేది ఒక అమ్మాయే.

ఆ కుర్రాడు ఇప్పుడు ఫేజుల ఓల్టేజీని కొలిచి చెప్పే పద్ధతి వెతుకుతున్నాడు, పక్కన ఒక ఎలక్ట్రీషియన్ మామ ఉన్నాడు. వాళ్లకు విప్పి చూసుకోవడానికి సామాను కావాలి. కాలిపోయిన స్టార్టర్ కార్డులు, పాత చార్జర్లు, మూగబోయిన డబ్బాలు పాత ఇనుము వాళ్లకు వేయకుండా మీ గ్రామ కమిటీకి ఇవ్వండి.