తుప్పుకు రాని ఆవేశం

హరికేన్ ఆర్4118 అనే పాత యుద్ధవిమానం ప్రస్తావన వస్తే చాలు, "మన సొత్తును తెల్లవాడు ఎత్తుకుపోయాడు" అని ఆవేశపడే మిత్రులున్నారు. ఆ ఆవేశంతో నాకు పేచీ ఉంది.

1940లో బ్రిటన్ గగనతలంలో 49 సార్లు పోరుకు లేచి, ఐదు శత్రువిమానాలను కూల్చిన విమానమది. 1943 చివర మన దేశానికి వచ్చింది. యుద్ధానంతరం, ఇంజనీరింగు విద్యార్థుల పాఠాల కోసం బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చేరింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకు ఎండింది, వానకు తడిసింది. 1982లో పీటర్ వాచర్ అనే ఆంగ్లేయుడి కంటపడింది. అతను దాన్ని మరచిపోలేదు. 2001లో అధికారికంగానే సంపాదించి తీసుకెళ్లాడు. 2004 డిసెంబరులో అది మళ్లీ ఆకాశానికెగిరింది.

ఇందులో దొంగతనమెక్కడుంది? బర్మా రణరంగంలో మన వైమానికదళం నడిపినవీ హరికేన్లే. పాలం మ్యూజియంలో ఒకదాన్ని దాచుకున్నాం కూడా. అంటే విలువ తెలియక పోగొట్టుకున్నామని చెప్పుకోవడానికీ వీల్లేదు.

చంపడానికి పుట్టిన యంత్రంపై మమకారమేమిటనే వారూ ఉన్నారు. గోలకొండలో ఫిరంగి పక్కన నిలబడి ఫోటో దిగేటప్పుడు ఆ ప్రశ్న ఎందుకు తట్టదో!

తుప్పు పట్టినన్నాళ్లూ లేవని గొంతు, ఎగిరాక లేస్తే ఎవరికి లాభం? మీ ఊరి కళాశాల పెరట్లో ఏ పాత యంత్రమైనా పడి ఉందేమో, నాతో వాదానికి దిగేముందు ఒక్కసారి వెళ్లి చూసి రండి.