గోడ మీది సిలువ, డాక్టర్ ఇచ్చిన లెటర్

పోయిన ఆదివారం స్టడీ సర్కిల్ అయిపోయాక టీ తాగుతుంటే ఒక తమ్ముడు అడిగాడు. "అక్కా, ఎవరు పడితే వాళ్ళు వచ్చి నేను ట్రాన్స్ అంటే నమ్మేయాలా? కనీసం ఒక సైకియాట్రిస్ట్ లెటరన్నా ఉండొద్దా? మన కుల సర్టిఫికెట్‌కి ఎంత ఎంక్వైరీ చేస్తారు, వాళ్ళకి ఏమీ వద్దా?" తమ్ముడు మనవాడే. వెటకారంగా అడగలేదు. కప్పు ఖాళీ అయ్యేలోపు చెప్పేసే జవాబు నా దగ్గర లేదు. ఎందుకంటే ఈ మధ్యే అలాంటి లెటర్ కోసం నా స్టూడెంట్‌తో ఒక ప్రైవేట్ ఆస్పత్రికి మూడుసార్లు తిరిగాను.

ఆమె ఫైనలియర్. మాదిగ పిల్ల. ఇంట్లోవాళ్ళు రెండేళ్ళుగా మాట్లాడరు. హార్మోన్లు మొదలుపెట్టాలంటే "ముందు సైకియాట్రిస్ట్ దగ్గర సర్టిఫికెట్ తీసుకురా" అన్నారు. "మేడం, ఒక్కదాన్నే పోతే సరిగ్గా మాట్లాడరు, మీరు రాగలరా" అంది. వెళ్ళాను. రిసెప్షన్‌లో పాత పేరు పెట్టి మూడుసార్లు పిలిచారు. హాల్లో ఉన్నవాళ్ళంతా ఎవరా అని తలలు తిప్పి చూశారు. సిట్టింగ్‌కి పదిహేను వందలు. ఆ పిల్ల హాస్టల్ మెస్ బిల్లు ఎంతో నాకు తెలుసు కాబట్టి ఆ లెక్క నాకు బాగా గుర్తుంది.

డాక్టర్ చెడ్డవాడేం కాదు. మర్యాదగానే మాట్లాడాడు. కానీ ప్రశ్నలు చూడండి. చిన్నప్పుడు బొమ్మలతో ఆడుకున్నావా? అమ్మ చీర ఎప్పుడైనా కట్టుకున్నావా? ఎన్నేళ్ళప్పుడు తెలిసింది? మగపిల్లలతో ఆడేదానివా, ఆడపిల్లలతోనా? ఆమె తడుముకోకుండా చెప్పింది. బొమ్మలు, చీర, ఐదేళ్ళు, ఆడపిల్లలు. బయటికి వచ్చాక ఆటోలో నవ్వింది. "పాఠం బాగా అప్పజెప్పానా మేడం?" వాళ్ళ పెద్దవాళ్ళు, అంటే ఆమెను చేరదీసిన హిజ్రా ఇంట్లోవాళ్ళు, ఏం అడుగుతారో ఏం చెప్పాలో ముందే నేర్పించారట. నిజానికి ఆమె స్కూల్ క్రికెట్ టీంలో వికెట్ కీపర్. క్రికెట్ అంటే ప్రాణం. ఆ సంగతి చెబితే లెటర్ రాదని దాచిపెట్టింది.

నాకు నవ్వు రాలేదు. 2005లో మా ఇంటికి ఆర్.ఐ. వచ్చిన రోజు గుర్తొచ్చింది.

మాది గుంటూరు వైపు పల్లె. మా నాయనమ్మ పేరు మరియమ్మ. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువైతేనే ఎస్సీ. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవంలోకి వెళ్ళిన మాల మాదిగలు మన దగ్గర బీసీ-సి, వాటా ఒక్క శాతం. ఊరు మాత్రం మమ్మల్ని ఆ గూడెంలోనే ఉంచింది, ఆ బావి దగ్గరే ఆపింది. మతం మారితే కులం పోయిందని ఊళ్ళో ఒక్కరూ అనలేదు, సర్కారు కాగితం ఒక్కటే అన్నది. డిగ్రీ అడ్మిషన్‌కి సర్టిఫికెట్ అడిగితే ఎమ్మార్వో ఆఫీసు నుంచి మనిషి ఇల్లు చూడ్డానికి వస్తాడన్నారు. ఆ పొద్దున అమ్మ గోడ మీది సిలువ తీసి బియ్యం డబ్బాలో పెట్టింది. పక్కింట్లోంచి వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ తెచ్చి అదే మేకుకి తగిలించింది. ఆయన వచ్చాడు, గోడ చూశాడు, మీ ఇంటి దేవుడెవరు అన్నాడు, చావు చేస్తే కాలుస్తారా పూడుస్తారా అన్నాడు, టీ తాగాడు, వెళ్ళిపోయాడు. సర్టిఫికెట్ వచ్చింది. మేం మాదిగలం అవునా కాదా అంటే అవును. అది ముమ్మాటికీ నిజం. కానీ ఆ నిజానికి కాగితం రావాలంటే అబద్ధపు క్యాలెండర్ కావాల్సి వచ్చింది.

ఆ పిల్ల ట్రాన్స్ మహిళ అవునా కాదా అంటే అవును. ఆ నిజానికి లెటర్ రావాలంటే క్రికెట్‌ని బియ్యం డబ్బాలో పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం, చాలామందికి ఇక్కడే గందరగోళం. 2014 ఏప్రిల్ 15 నాటి నాల్సా తీర్పులో సుప్రీంకోర్టు తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనంది. ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తిస్తామని పట్టుబట్టడం అనైతికం, చట్టవిరుద్ధం అంది. అదే తీర్పులో శారీరక పరీక్ష వద్దు, మానసిక పరీక్ష చాలు అన్న మాట కూడా ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని 2020లో కేంద్రం ముసాయిదా రూల్స్‌లో సైకాలజిస్ట్ రిపోర్ట్ పెట్టింది. ట్రాన్స్ సంఘాలు గొడవ చేశాయి. సెప్టెంబర్‌లో వచ్చిన అసలు రూల్స్‌లో అది తీసేశారు. అఫిడవిట్ ఇస్తే చాలు, వైద్య పరీక్ష ఏదీ లేకుండా జిల్లా మేజిస్ట్రేట్, అంటే మన కలెక్టర్, ముప్పై రోజుల్లో ట్రాన్స్‌జెండర్ గుర్తింపు సర్టిఫికెట్ ఇవ్వాలని ఆ 2020 రూల్స్‌లో రాశారు. కాబట్టి తమ్ముడూ, ఆ రూల్స్ ప్రకారం గుర్తింపు కార్డుకి థెరపిస్ట్ లెటర్ అక్కర్లేకపోయింది. ఆ సంగతి రూల్ 5లో రాశారు.

మెలిక తర్వాత వస్తుంది. 2019 చట్టం సెక్షన్ 7 ప్రకారం ట్రాన్స్‌జెండర్ అని కాకుండా స్త్రీ అనో పురుషుడు అనో కాగితం కావాలంటే సర్జరీ చేయించుకుని, ఆస్పత్రి సూపరింటెండెంట్ దగ్గరో చీఫ్ మెడికల్ ఆఫీసర్ దగ్గరో సర్టిఫికెట్ తేవాలి. నాల్సా కాదన్నదాన్నే చట్టం దొడ్డిదారిన తెచ్చింది. రూల్స్‌లో కాస్త విశాలంగా కౌన్సెలింగ్, హార్మోన్లు కూడా కలిపి రాశారు, అది వేరే సంగతి. సర్జరీ కావాలంటే సర్జన్ ఏమంటాడు? సైకియాట్రిస్ట్ లెటర్ తెమ్మంటాడు. అంటే ముందు గేటు దగ్గర తీసేసిన లెటర్ వెనక గేటు దగ్గర కూర్చుంది.

ఈ లెటర్ అలవాటు అమెరికాలో పుట్టింది. 1979లో అక్కడి డాక్టర్ల సంఘం ఒకటి ప్రమాణాలు రాసుకుంది. ఆ సంఘమే ఇప్పటి డబ్ల్యూపాథ్. నిన్నమొన్నటి వరకు కింది భాగం సర్జరీకి ఇద్దరు మానసిక నిపుణుల లెటర్లు కావాలనేవారు. 2022లో వచ్చిన ఎనిమిదో కూర్పులో ఒకటి చాలన్నారు. మన 2019 చట్టమే ఆ సంఘం మార్గదర్శకాల ప్రకారం హెల్త్ మాన్యువల్ తయారు చేయాలని సెక్షన్ 15లో రాసుకుంది. రాసినవాళ్ళే ఒక లెటర్ తగ్గించుకుంటే ఇక్కడ కొందరు డాక్టర్లు ఇంకా రెండు అడుగుతున్నారు. నా స్టూడెంట్‌కి హార్మోన్లకి ఒకటన్నారు, రేపు సర్జరీకి ఇంకొకటి తేవాలట. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లో దీన్ని మానసిక రుగ్మతల అధ్యాయంలోంచే తీసేసింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. రోగం కాదని తేల్చాక రోగం డాక్టర్ చిట్టీ ఎందుకు?

నా ఫ్రెండ్ ఒకావిడ సైకియాట్రిస్ట్, మన ఉద్యమంలో మనిషే. ఆమెతో ఫోన్లో గంటసేపు వాదించాను. ఆమె అన్నది పక్కన పెట్టలేను. "లెటర్ తీసేస్తే డబ్బులకి కక్కుర్తిపడే సర్జన్లు వచ్చినవాళ్ళని వచ్చినట్టు కోసి పంపేస్తారు. కనీసం మేం మధ్యలో ఉంటే ఒక మనిషి ఆగి వినేది ఉంటుంది. కొందరు నా దగ్గరకి తీవ్రమైన డిప్రెషన్‌తో వస్తారు, ముందు దానికి వైద్యం కావాలి."

కోసి పంపేసే సర్జన్లు మనకి తెలియనివాళ్ళా? మన పల్లెల్లో కూలి పనికి పోయే ఆడవాళ్ళని అడగండి. ముప్పై ఏళ్ళు దాటకుండానే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎంతమంది! తెల్లబట్ట అని పోతే, నడుంనొప్పి అని పోతే, ఉంటే క్యాన్సర్ వస్తుందని భయపెట్టి తీసేశారు. మా పిన్ని ఒకామె. ఆరోగ్యశ్రీ డబ్బుల కోసం ప్రైవేట్ ఆస్పత్రులు చేసిన ఈ పని మీద గొడవ అయ్యి, చివరికి ప్రభుత్వం ఆ ఆపరేషన్‌కి షరతులు పెట్టాల్సి వచ్చింది. ఆ ఆడవాళ్ళలో ఒక్కరినైనా సైకియాట్రిస్ట్ లెటర్ తెమ్మన్నారా? ఆగి విన్నారా? శరీరంలో భాగం తీసేయడం అంత పెద్ద విషయమైతే అక్కడ ఎందుకు కాలేదు? ఆడదాని సంచి తీయడానికి భర్త వేలిముద్ర చాలింది. ఆ పిల్ల తన శరీరం గురించి తనే అడిగితే ఇద్దరు డాక్టర్లు కావాలి.

కాబట్టి మా ఫ్రెండ్ భయం నిజమే, మందు తప్పు. చూడాల్సింది సర్జన్ని. ఆపరేషన్ అంటే ఏంటి, ఏది వెనక్కి రాదు, పిల్లల సంగతేంటి, జీవితాంతం ఏ మందులు వాడాలి, ఇవన్నీ తెలుగులో అర్థమయ్యేలా చెప్పి, టైమిచ్చి, సంతకం తీసుకునే బాధ్యత ఆయనది. తేడా వస్తే కేసు ఆయన మీద. డిప్రెషన్ ఉంటే కౌన్సెలింగ్ ఉండాలి, గవర్నమెంట్ ఆస్పత్రిలో ఉచితంగా ఉండాలి. చట్టమే ఆపరేషన్‌కి ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఇవ్వమంటోంది. కానీ లెటర్ చేతిలో పెట్టుకున్న మనిషి దగ్గర ఎవరు నిజం చెబుతారు? నాకు ఈ వారం చచ్చిపోవాలనిపించింది అని చెబితే లెటర్ ఆగిపోతుందని తెలిశాక, ఆ మాట ఎవరికి చెప్పుకోవాలి? నా స్టూడెంట్ ఆ మాట నాకు ఆటోలో చెప్పింది. డాక్టర్‌కి చెప్పలేదు. దీనికన్నా ప్రమాదం ఏముంది చెప్పండి.

ఇక తమ్ముడి అసలు ప్రశ్న, కుల సర్టిఫికెట్ ఎంక్వైరీ. ఇక్కడ నన్ను నేను కూడా ఇరికించుకోవాలి. దొంగ సర్టిఫికెట్లతో మన సీట్లు కొట్టేసినవాళ్ళ మీద కలెక్టరేట్ ముందు ధర్నా చేసినదాన్ని నేను. 1993 చట్టం, 1994 మాధురీ పాటిల్ తీర్పుతో వచ్చిన స్క్రూటినీ కమిటీలు ఉండాలనే అంటాను. మరి ఇక్కడ వద్దంటే ఎలా?

తేడా ఉంది. కులం నేను నాలో కనుక్కున్నది కాదు, ఊరు నా మీద వేసింది. దానికి సాక్షులు ఊరంతా ఉంటారు, బళ్ళో రిజిస్టర్ ఉంటుంది, తాతముత్తాతల కాగితం ఉంటుంది. జెండర్‌కి సాక్షి ఆ మనిషి ఒక్కరే. రెండోది, దొంగ ఎస్సీ వస్తే ఒక ఎస్సీ పిల్ల సీటు పోతుంది. ఒకామె హార్మోన్ వేసుకుంటే ఎవరి సీటు పోయింది? మూడోది, ఆ ఎంక్వైరీ కూడా మనిషి కట్టూబొట్టూ దేవుడూ చావూ అడిగేదాకా పోతే ఏమవుతుందో మా గోడ చెబుతుంది. ఆదివాసీల విషయంలో ఇలా ఆచారాలు అడిగి తేల్చడమే గీటురాయి కాదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు కూడా అన్నది.

రేపు హారిజాంటల్ రిజర్వేషన్ వస్తే? గ్రేస్ బాను లాంటి దళిత ట్రాన్స్ నాయకులు అడుగుతున్నది అదే. ఎస్సీ ట్రాన్స్‌కి ఎస్సీలోనే వాటా కావాలి, అందరినీ కలిపి ఓబీసీలో పడేయొద్దని. కర్ణాటక 2021లో ఒక శాతం ఇచ్చింది. అప్పుడు సీటుంది కాబట్టి దొంగలూ వస్తారు, నిజమే. అఫిడవిట్ అబద్ధమని తేలితే శిక్ష పెట్టండి. ట్రాన్స్ సంఘాల మనుషులు కూర్చున్న కమిటీ పెట్టండి. దానికీ సైకియాట్రిస్ట్ అక్కర్లేదు. ఇది పూర్తి జవాబు అని నేననను. ఆ కమిటీలో ఏ గురువు మాట చెల్లుతుందో, ఏ ఇంట్లోనూ చేరని ట్రాన్స్ మగవాళ్ళ సంగతేంటో నాకు ఇంకా తేలలేదు.

రాసి పెట్టుకోవడం అనేది వీళ్ళకి కొత్త కాదు. 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టంలో రెండో భాగం వీళ్ళదే. నిజాం రాజ్యంలో 1329 ఫస్లీ, అంటే 1919లో యూనక్స్ చట్టం వచ్చింది. హైదరాబాద్‌లో పోలీసులు వీళ్ళ రిజిస్టర్ పెట్టాలి, ఆడబట్టలతో వీధిలో పాడినా ఆడినా వారెంట్ లేకుండా పట్టుకోవచ్చు. అది 2023 జూలై 6 దాకా పుస్తకాల్లో ఉంది, తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. అదీ వైజయంతి వసంత మొగ్లి లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరిగితే.

నా పీహెచ్‌డీ దళిత ఆత్మకథల మీద. వైవాలో ఒకాయన "ఇందులో బాధ తక్కువైంది, ప్రామాణికత ఎలా?" అన్నాడు. ఏడిస్తేనే దళితులమని నమ్మే పరీక్షకులు అన్ని చోట్లా ఉంటారు. రేవతి రాసిన పుస్తకాన్ని పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చారు, ఆ అనువాదానికి సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది. నా స్టూడెంట్‌కి అదే ఇచ్చాను. చదివి, "మేడం, ఇందులో క్రికెట్ లేదు, నేను రాస్తా" అంది.

మూడో సిట్టింగ్ తర్వాత లెటర్ వచ్చింది. లెటర్‌హెడ్ మీద నీటుగా టైప్ చేశారు. లోపల పేరు ముందు "మిస్టర్" అని ఉంది. సరిచేయించడానికి మళ్ళీ వెళ్ళాలి. మళ్ళీ పదిహేను వందలా అని రిసెప్షన్‌కి ఫోన్ చేసి అడిగాను. కనుక్కుని చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు.

సెక్షన్ 18, అంటే ట్రాన్స్ మనిషి మీద అత్యాచారం చేస్తే రెండేళ్ళు మించని శిక్ష గురించి వచ్చే ఆదివారం రాస్తాను.

జై భీమ్.