మాట రాని బిడ్డ, ఆగని టి.వి.



"అమ్మా, బాబుకి రెండున్నరేళ్లు నిండాయి, ఇంకా మాటల్లేవు. నాలుక కింద నరం కోయించమంటున్నారు" అంటూ ఉద్దానం పల్లెల నుండి బిడ్డను ఎత్తుకొని మా ఓ.పి.కి వచ్చే తల్లులు ఉన్నారు. నాలుక చూస్తాము, చాలాసార్లు అది బాగానే ఉంటుంది. వినికిడి పరీక్ష తప్పక చేయించమంటాము. తరువాత మేము అడిగేది ఒక్కటే, పగలంతా బిడ్డ ఎవరి దగ్గర ఉంటాడని. "మా అత్త దగ్గరండి. అల్లరి చెయ్యడు, టి.వి. పెడితే కదలడు" అంటారు.

ఆ కదలకపోవడమే మాకు భయం.

తల్లిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. పలాస, కాశీబుగ్గల్లో పొద్దున్నే జీడి ఫ్యాక్టరీకి వెళ్లే తల్లికి, ఇంట్లో డయాలసిస్‌కు తిరిగే పెద్దవారున్న కోడలికి ఆ పెట్టె ఆయాలాగా అక్కరకు వస్తోంది. ఇప్పుడు దానికి ఫోను తోడైంది. సీరియల్ చూసే నాన్నమ్మనూ ఏమనలేము, డ్యూటీ దిగాక మేమూ చూస్తాము. కాని ఆయా బిడ్డతో మాట్లాడుతుంది. టి.వి. బిడ్డ ఎదుట మాట్లాడుతుంది, అంతే. బిడ్డ "ఊ" అంటే తిరిగి "ఊ" అనదు.

అమెరికాలోని సియాటిల్‌లో ప్యాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసినవారు 2003లో ఒక పరిశోధన ప్రకటించారు. తొమ్మిది నెలల పసివారికి చైనా భాష వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు పిల్లలు ఆ భాష ధ్వనులను పట్టుకున్నారు. అవే మాటలు టి.వి.లో చూపితే పట్టుకోలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను కూల్చినప్పుడు చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ కష్టం ఎవరికీ మళ్లీ రాకూడదు. అయినా ఆ సాయంకాలాలలో కొవ్వొత్తి దగ్గర అమ్మమ్మలు కథ చెబుతుంటే పిల్లలు ప్రశ్న మీద ప్రశ్న వేయడం మేము చూశాము. కరెంటు వచ్చిన రోజున మొదట పలికినవి టి.వి.లే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం రెండేళ్లు నిండే వరకు తెర వద్దు, రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదు. గడియారం చూసే తీరిక లేనివారు అన్నం పెట్టేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు ఆపితే చాలు, అక్కడ మొదలుపెట్టండి. ముద్ద ముద్దకూ ఏదో ఒకటి అడగండి. కొబ్బరాకు బూర ఒకటి చేసి ఇవ్వండి.

మాట ఆలస్యానికి అన్నిసార్లూ టి.వి.యే కారణమని మేము అనము. చెవుడు ఉండవచ్చు, ఆటిజం ఉండవచ్చు. టి.వి. ఆపి ఊరకే కూర్చుంటే విలువైన కాలం పోతుంది. పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు "అమ్మ రా" వంటి రెండు మాటలు కలపలేకపోయినా వెంటనే తీసుకురండి. వచ్చేటప్పుడు టీకాల కార్డు, పగలు బిడ్డను చూసుకునే నాన్నమ్మను కూడా వెంట తెచ్చుకోండి.