ఉపసంహార మెఱుగని యస్త్రము

మా రేగొండ మండలమున పాండవుల గుట్టలు గలవు. అరణ్యవాసకాలమున పాండవులచ్చట దాగిరని మావారి నమ్మకము. నిజముగా నచ్చట నున్నవి ఆదిమానవుడు రాతిపై వ్రాసిన జంతువుల బొమ్మలు. అయినను నమ్మకమునకు బొమ్మలతో పనియేమి? 2025 మే నెలలో పాకిస్తానముతో నాలుగుదినములు పోరు సాగినప్పుడు, హోటలులో టీవీ ముందు కూర్చుండి యొక పెద్దమనిషి, "బ్రహ్మాస్త్రం మనదే గద సారూ! ఒక్క అణుబాంబేస్తె పీడ పోతది" అనెను. చుట్టునున్న బాలురు చప్పట్లు చఱచిరి. వారిలో నా శిష్యులును గలరు.

ముందుగా అణ్వస్త్రము ప్రయోగింపమని మన ప్రభుత్వము 2003లోనే ప్రకటించిన సంగతి ఆయన యెఱుగడు. పోనిండు. బ్రహ్మాస్త్రము మనదే యగుగాక. అట్లయిన దాని కథయు మనదే గదా! సౌప్తికపర్వమును తుదివఱకు చదివినవారెందఱు? అశ్వత్థామ గడ్డిపోచపై బ్రహ్మశిరోస్త్రము నావాహన చేసెను. అర్జునుడు ప్రత్యస్త్రము వేసెను. వ్యాసనారదులు నడుమ నిలిచి మరలింపుడనిరి. అర్జునుడు మరలించెను. ఇంద్రియనిగ్రహము లేని యశ్వత్థామకు అది చేతకాలేదు. అస్త్రము పాండవస్త్రీల గర్భములపై బడెను. మనము గర్వించుచున్నది వీరిద్దరిలో నెవరినిజూచి?

ఈ ప్రశ్ననే 1964లో స్టాన్లీ క్యూబ్రిక్ 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్' అను చిత్రమున నవ్వుచు నడిగెను. త్రాగునీటిలో ఫ్లోరైడు కలుపుట తమ దేహములను చెఱచుటకు శత్రువులు పన్నిన కుట్రయని యొక అమెరికా సేనానికి పిచ్చిపట్టును. (నల్లగొండ పల్లెలలో ఫ్లోరైడువలన ఎముకలు వంగినవారిని జూచిన మనకిచ్చట నవ్వు రాదు, ఆ విషము భూమిలోని రాతినుండి వచ్చినది, శత్రువునుండి కాదు.) అతడు బాంబువిమానములను రష్యాపైకి బంపి, మరలించు సంకేతమును దాచుకొని, తన్ను తాను కాల్చుకొని చచ్చును. సంకేతము కనిపెట్టిన యధికారికి దేశాధ్యక్షునితో టెలిఫోనులో మాటాడుటకు చిల్లర చాలదు! ఒక విమానము రేడియో చెడి పిలుపు వినదు. రష్యావారు, దెబ్బ తగిలినంతనే లోకమును దానంతటదియే నాశనముచేయు యంత్రమును గట్టి, ఆ మాట సోమవారమునాడు ప్రకటింతమని రహస్యముగా నుంచిరట!

ఇంతటి మృత్యువును గూర్చి నవ్వవచ్చునా యని మా సహోపాధ్యాయుడొకడు కోపించెను. ఈ చిత్రమునకు మూలము పీటర్ జార్జి 1958లో వ్రాసిన నవల. అందు హాస్యము లేదు. క్యూబ్రిక్ సయితము గంభీరముగనే మొదలిడి, కథ యెచ్చట పట్టుకొన్నను నవ్వు వచ్చుచుండుటచే దారి మార్చుకొనెను. తప్పు నవ్వినవానిది కాదు.

ఇది విదేశీయుల వెఱ్ఱియని త్రోసివేయుదమా? 2022 మార్చి 9న మన క్షిపణి యొకటి, ఎవరును యుద్ధము కోరకయే, ఎగిరి పాకిస్తానములోని మియాన్ చన్నూ చెంత బడెను. అందు పేలుడుపదార్థము లేకుండుటచే నెవరును చావలేదు. మొదట యంత్రలోపమనిరి, ఆగస్టులో ముగ్గురు వైమానికాధికారులను ఉద్యోగమునుండి తొలగించిరి. పేలుడుపదార్థ ముండినచో, ఆవలివారు కోపమాపుకొననిచో, ఈ తొలగింపుల ప్రకటనను చదువుట కెవరు మిగిలెడివారు?

జూన్‌లో బడి తెఱచినపిదప, ఆ చప్పట్లు చఱచిన బాలురకు సౌప్తికకథ చెప్పితిని. ఒకడు లేచి, "అసొంటోనికి ఆ అస్త్రం ఇచ్చిందెవరు సారూ?" అని యడిగెను. తండ్రియైన ద్రోణుడే, కొడుకు పోరు పడలేక, మనసొప్పకయే యిచ్చెనని చెప్పితిని.