కోకాపేట లేబర్ క్యాంపుల గర్భిణులకు ట్రైకోమోనాస్ పరీక్ష, దంపతులిద్దరికీ మందు కోరుతూ వినతిపత్రం

రంగారెడ్డి జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారికి,
కోకాపేట నిర్మాణ కార్మిక మహిళలు, వారితో పనిచేస్తున్న ఆరోగ్య కార్యకర్తలు సమర్పించుకుంటున్న వినతి.



2023 ఆగస్టు వేలంలో కోకాపేట నియోపోలిస్ లేఅవుట్‌లో ఒక ప్లాటు ధర ఎకరానికి వంద కోట్లు దాటింది. అక్కడ లేస్తున్న టవర్ల పక్కనే రేకుల షెడ్లలో పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చిన కూలీలం ఉంటున్నాం. మాలో కడుపుతో ఉన్నవాళ్లూ ఇటుకలు మోస్తున్నారు.

తెల్లబట్ట పచ్చగా, నురుగుతో, వాసనతో అవుతున్నా, దురద, మూత్రంలో మంట ఉన్నా షెడ్లలో అందరూ చెప్పేది వేడి చేసిందనే. మజ్జిగ తాగి పనిలోకి పోతారు. ఈ బాధలన్నిటికీ ఒకే జబ్బు కారణం కాదు. అయితే వాటి వెనుక ట్రైకోమోనాస్ అనే ఏకకణ పరాన్నజీవి ఉండొచ్చు. ఇది లైంగిక సంబంధం వల్ల సోకుతుంది, మందుతో నయమవుతుంది. 2020లో ప్రపంచమంతటా 15.6 కోట్ల మందికి కొత్తగా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గర్భిణులలో ఇది ఉన్నప్పుడు ఉమ్మనీటి సంచి ముందే పగలడం, నెలలు నిండని కాన్పు, బరువు తక్కువ బిడ్డ పుట్టడం ఎక్కువగా కనిపిస్తున్నాయి. హెచ్‌ఐవీ సోకే ముప్పూ పెరుగుతుంది. గర్భిణులకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తున్నారు, సంతోషం. ట్రైకోమోనాస్‌ను మాత్రం అడిగితే తప్ప వెతకరు. అడగడానికి సిగ్గు.

ఈ జబ్బు ఆడమనిషి నడవడికకు సర్టిఫికెట్ కాదు. పెళ్లయ్యాక భర్త తప్ప వేరెవరినీ ఎరగని మనిషికీ వస్తుంది. భర్తకు బయటి సంబంధాలుండటం, కండోమ్ వాడకపోవడం, ఇదివరకు సుఖవ్యాధి సోకి ఉండటం, మందు సగంలో ఆపేయడం ముప్పును పెంచుతాయి. మగవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. ఆమె ఒక్కతే మాత్రలు మింగి, మందు వాడని భర్త దగ్గరికే తిరిగి వెళితే జబ్బు మళ్లీ మొదలు.

కాబట్టి మొదటి కోరిక: భర్తకూ అదే రోజు మందు ఇవ్వండి. సుఖవ్యాధులకు చికిత్స చేసే సురక్ష క్లినిక్‌కు రమ్మంటే కూలీ పోతుందని రాడు. ఆదివారం సాయంత్రం క్యాంపు దగ్గరికే వైద్య బృందం రావాలి.

రెండోది మైక్రోస్కోప్. స్రావం తీసిన కొద్ది నిమిషాల్లోనే చూడాలి. ఆలస్యమైతే పరాన్నజీవి కదలిక ఆగిపోయి గుర్తుపట్టడం కష్టం. శాంపిల్‌ను దూరపు ల్యాబ్‌కు పంపే పద్ధతి ఈ మైక్రోస్కోప్ పరీక్షకు పనికిరాదు. ప్రతి నెల 9న జరిగే గర్భిణుల పరీక్షా శిబిరంలోనే ఆ ఏర్పాటు ఉండాలి. అందులో తేలక, బాధ తగ్గనివారికి కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రిలో మాలిక్యులర్ పరీక్ష ఉచితంగా చేయించాలి.

కనిపించిన ప్రతి గర్భిణికీ మాత్రలు పంచమని మేము అడగడం లేదు. ఈ జబ్బు ఉన్నా లక్షణాలు లేని గర్భిణులకు మెట్రోనిడజోల్ మందు ఇచ్చినా నెలలు నిండని కాన్పులు తగ్గలేదని 2001లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది. బాధ ఉన్నవారిని పరీక్షించి, డాక్టరు పర్యవేక్షణలో పూర్తి కోర్సు వాడించి, మూడు నెలల్లోపు మళ్లీ చూడమంటున్నాం.

పరీక్ష చోట తెర, మహిళా డాక్టరు, హిందీ, ఒడియా మాట్లాడే మనిషి ఉండాలి. రిపోర్టు మేస్త్రీ చేతికిగానీ, కాంట్రాక్టరు చేతికిగానీ పోకూడదు. దీని మీద రాజీ లేదు.

ఖర్చుకు దారి లేకపోలేదు. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్ మా సంక్షేమం పేరు మీదే వసూలవుతోంది. కార్మిక శాఖతో మాట్లాడి ఆదివారం శిబిరాల ఖర్చు అందులోంచి ఇప్పించండి. ఏ తేదీ నుంచి మొదలుపెడతారో లిఖితపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం.

ఇట్లు,
కోకాపేట నిర్మాణ కార్మిక మహిళలు, ఆరోగ్య కార్యకర్తలు

ప్రతి: జిల్లా కార్మిక శాఖాధికారి గారికి