ముందు ఊపిరి వదలండి!

‘సైలెన్స్!’ అన్న కేకకీ, ‘యాక్షన్!’ అన్న మాటకీ మధ్య రెండు మూడు క్షణాలుంటాయి. షూటింగు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ఆ కాస్తలో హీరోయిన్ చీర చూస్తారు, లైట్లు చూస్తారు. నేను మాత్రం పదేళ్ళుగా ముక్కులు చూస్తున్నాను! నవ్వకండి. ఆ క్షణంలో మనిషి ఊపిరి ఎలా ఉందో కనిపెడితే, షాట్ ఓకే అవుతుందో, ఇంకో నాలుగు టేకులు తింటుందో చాలావరకు చెప్పెయ్యొచ్చు.

కొత్త కుర్రాళ్ళ సంగతే చూడండి. భుజాలు చెవుల దాకా లేస్తాయి. గుండెలు ఎగిరెగిరి పడుతుంటాయి. అసిస్టెంట్ డైరెక్టరు జాలిపడి, “గట్టిగా ఊపిరి పీల్చుకో బ్రదర్” అంటాడు. పాపం, పీలుస్తాడు. మళ్ళీ పీలుస్తాడు. డైలాగు మాత్రం మర్చిపోతాడు!

చిక్కంతా అక్కడే ఉంది. భయపడ్డవాడికి గాలి తక్కువైందని మనం అనుకుంటాం. నిజానికి వాడు అప్పటికే అవసరానికి మించి పీలుస్తుంటాడు. అలా గబగబా పీల్చి వదులుతుంటే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి, మెదడుకి వెళ్ళే రక్తనాళాలు కుంచించుకుంటాయి. తల తిరుగుతుంది. పెదాలూ, వేళ్ళ కొసలూ తిమ్మిరెక్కుతాయి. ‘అమ్మో, ఊపిరాడటం లేదు’ అనిపిస్తుంది. ఆడక కాదండీ, ఎక్కువ ఆడి!

ఈ రహస్యం నాకు డాక్టరు దగ్గర కాదు, హైదరాబాదులో ఓ డబ్బింగ్ థియేటర్లో తెలిసింది. ఇరవై ఏళ్ళుగా హీరోయిన్లకి గొంతు అరువిస్తున్న ఒకావిడ (పేరు వద్దన్నారు, వెయ్యను) ఏడుపు సీను చెప్పబోతున్నారు. మైకు ముందు నిలబడి, పొట్టమీద చెయ్యి వేసుకుని, ‘స్స్స్...’ అంటూ సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు సన్నగా వదులుతున్నారు. ఒకటి, రెండు, మూడు సార్లు. సీను ఒక్క టేకులో అయిపోయింది. బయటికొచ్చాక, “ఊపిరి బాగా పీల్చుకుంటున్నారేం మేడమ్?” అని అడిగాను.

“పీల్చడం కాదు బాబూ, వదలడం. పూర్తిగా వదిలితే పీల్చడం దానంతటదే వస్తుంది” అన్నారు టీ చప్పరిస్తూ.

ఆవిడ ఏ పుస్తకం చదివి ఆ మాట అనలేదు. కానీ పుస్తకాలూ అదే చెబుతున్నాయి. గాలి లోపలికి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. 1847లోనే కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ తేడా పట్టుకున్నాడు. మెదడు నుంచి మెడ మీదుగా గుండెదాకా దిగే వేగస్ అనే నాడి ఊపిరి వదిలేటప్పుడు గుండెకి కళ్ళెం వేస్తుంది. ‘నెమ్మదిగా కొట్టుకో’ అని గుండెకి మనం హుకుం జారీ చెయ్యలేం. ఊపిరి అలా కాదు. దాని దారిన అది నడుస్తుంది, మన మాటా వింటుంది. గుండె దగ్గరికి మనకున్న దొడ్డిదారి అదొక్కటే.

ఆ మాటకొస్తే మన నాటకాలవాళ్ళకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఈలపాట రఘురామయ్యగారు కృష్ణుడి వేషంలో నోట్లో వేలు పెట్టుకుని ఈలతోనే పద్యం పాడేవారు. ఈల అంటే ఏమిటి? కొలిచి, పొదుపుగా వదిలిన ఊపిరే కదా! అలాగే 1990లో వచ్చిన ‘ఓ పాపా లాలి’లో, ఊపిరి తీసుకోకుండా సాగిపోతున్నట్టు వినిపించే బాలుగారి పాట. దాన్ని ప్రయత్నించని కుర్ర గాయకుడు లేడు. చాలామంది మొదట్లోనే బుడగలా ఊరిపోయి, మూడో లైనుకే బావురుమంటారు. దమ్ము ఎంత నింపామన్నది కాదు, ఎంత నిదానంగా ఖర్చుపెట్టామన్నదే లెక్క.

ఇదంతా ఇప్పుడెందుకంటే, తెనాలి నుంచి ఓ పాఠకురాలు ఉత్తరం రాసింది. బి.కాం. చదువుతోందట. టీవీ పాటల పోటీ ఆడిషన్లో మొదటి చరణంలోనే గొంతు వణికి వెనక్కొచ్చేసింది. వచ్చే నెల మళ్ళీ ఉంది. “ఇదే ఆఖరు, తర్వాత సంబంధాలు చూస్తాం అంటున్నారు ఇంట్లో. ఏదైనా ఉపాయం చెప్పండి” అంటుంది.

చెల్లెమ్మా, ఉపాయం ఉంది గానీ అది ఆడిషన్ రోజున మొదలుపెట్టేది కాదు. ఇవాళే మొదలెట్టు. పొట్టమీద చెయ్యి పెట్టుకుని కూర్చో. భుజాలు కదలకూడదు, పొట్టే కదలాలి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా తీసుకో, ఆరు లెక్కపెట్టేదాకా వదులు. మొత్తం పది సెకండ్లు. అంటే నిమిషానికి ఆరు. మామూలుగా మనిషి నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీసుకుంటాడు. 2001లో ఇటలీకి చెందిన బెర్నార్డీ అనే డాక్టరూ, ఆయన తోటివాళ్ళూ చూసిందేమిటంటే, లాటిన్‌లో జపమాల ప్రార్థన చేసినా, మంత్రం జపించినా ఊపిరి దాదాపు ఇదే ఆరు దగ్గరికి వచ్చిందట! మంత్రాలకి చింతకాయలు రాలతాయో లేదో గానీ, ఊపిరి మాత్రం నెమ్మదిస్తుంది.

స్టేజి ఎక్కే ముందు ఇంకోటి. ముక్కుతో ఒకసారి పీల్చి, వదలకుండానే పైన ఇంకో చిన్న పీల్పు పీల్చి, నోటితో పొడుగ్గా వదిలెయ్. మూడుసార్లు చాలు. తెలుగులో దీని పేరు నిట్టూర్పు! “ఆ నిట్టూర్పులేమిటే, ఇంటికి అరిష్టం” అని మా అమ్మమ్మ కసిరేది. 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు రోజుకి అయిదు నిమిషాల చొప్పున నెల రోజులు ఈ నిట్టూర్పులే విడిపించి చూస్తే, మనసు తేలికపడటంలో ధ్యానం కన్నా ఇదే ఒక మెట్టు పైన నిలిచింది. అమ్మమ్మ ఉంటే చెప్పేవాణ్ణి.

గొంతు వణుకు తగ్గుతుంది. సెలక్టవుతావో లేదో నేను చెప్పలేను. ఆడిషన్‌కి మాత్రం ఆ బాలుగారి పాట ఎంచుకోకు తల్లీ! ఇంకోమాట. సంబంధాల సంగతి నాన్నగారితో మాట్లాడబోయే ముందు కూడా ఆ నాలుగూ ఆరూ పనికొస్తాయి.

అందరికీ ఓ హెచ్చరిక. ప్రాణాయామంలో పూరకం, కుంభకం, రేచకం అని మూడున్నాయి. నేను చెప్పింది మొదటిదీ చివరిదీ మాత్రమే. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, పత్రికలు చదివి చేసేది కాదు. బి.పి. ఉన్నవాళ్ళూ, గర్భిణులూ అసలు ప్రయోగాలు చెయ్యొద్దు. ఛాతీలో నొప్పి వస్తే అంకెలు లెక్కపెడుతూ కూర్చోకండి, ఆసుపత్రికి పరుగెత్తండి.

ఈ విద్య మీద నాకో గుర్రు కూడా ఉంది. టెన్షన్ అనేది రెండు రకాలు. గుండెలో పుట్టేదొకటి, ఎదుటివాడు తెచ్చిపెట్టేదొకటి. మొదటిదానికే ఈ మందు. ఆమధ్య ఒక షూటింగులో (కంపెనీ పేరెందుకులెండి) పొద్దున్నే యూనిట్ అందరికీ శ్వాస తరగతి పెట్టించారు. ఒత్తిడి తగ్గాలట! జూనియర్ ఆర్టిస్టులు అప్పటికి మూడు వారాలుగా డబ్బులు అందక తిరుగుతున్నారు. నెలాఖరుకి చెక్కు రాని ఫ్రీలాన్సు విలేకరిని నేను, ఆ వరసలో వెనకాలే కూర్చున్నాను. గురువుగారు కళ్ళు మూసుకుని, “నెమ్మదిగా వదలండి... అంతా వదిలెయ్యండి...” అంటున్నారు.

ముందు వరసలో కూర్చున్న ఓ పెద్దాయన, పోలీసు వేషం వేసుకునే ఉన్నాడు, కళ్ళు తెరవకుండానే అన్నాడు: “మేం వదుల్తున్నాం సార్. ఆ ప్రొడక్షన్ మేనేజరు గారిని కూడా వదలమనండి, మూడు వారాల బేటా!”