క్రొత్త విద్యుత్తు కారు: ఇష్టము వేరు, నమ్మకము వేరు

విలువైన క్రొత్త వస్తువును ఇంటికి తెచ్చుకొన్నవానికి ఒక చిక్కు కలదు. ఆ వస్తువు బాగుగా పనిచేసినంతకాలము దానిని పదిమందికి చూపుట సులభము. అది మొరాయించిననాడు ఆ సంగతి నలుగురితో చెప్పుట కష్టము. వెల ఎంత హెచ్చైన నాలుక అంత ముడుచుకొనును. ఈ చిక్కు నేటి దినములలో విద్యుచ్ఛక్తితో నడచు ఖరీదైన మోటారు కార్ల విషయమున స్పష్టముగా కనబడుచున్నది. మా పాఠశాలలో చదివి హైదరాబాదునందును, దూరదేశములందును ఉద్యోగములు చేయుచున్నవారిలో కొందరు ఇట్టి కార్లను కొనియున్నారు, మరికొందరు కొనదలచియున్నారు. వారి తలిదండ్రులును, బిడ్డలును ఆ కార్లలో కూర్చుండి ప్రయాణములు చేయుచున్నారు. కావున ఈ విషయమును గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు ఈ సంచికలో వ్రాయుట అనుచితము కాదని తలంచుచున్నాము.

విద్యుత్తు కారు మంచిదా, పెట్రోలు కారు మంచిదా అను వాదములోనికి మేము దిగము. మేము చెప్పదలచినది ఒక్కటియే. ఒక వస్తువు మనకు ఇష్టమగుట వేరు. ఆ వస్తువు నమ్మదగినదై యుండుట వేరు. మొదటిది మన మనస్సునకు సంబంధించినది. రెండవది వస్తువునకు సంబంధించినది. మొదటిదానికి మన మాటయే చాలును. రెండవదానికి లెక్క కావలెను. ఈ రెండింటిని కలిపివేసినచో కొన్నవాడు తన్ను తాను మోసగించుకొనుటయే గాక, తరువాత కొనబోవువానికిని కీడు చేసినవాడగును.

దీనికి 2015వ సంవత్సరమున అమెరికాలో జరిగిన సంగతి చక్కని నిదర్శనము. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటు పట్టణమున తయారైన టెస్లా మోడల్ ఎస్ అను కారు 2012 జూను నెలలో మొదట కొనుగోలుదారుల చేతికి వచ్చెను. వస్తువులను తానే వెల యిచ్చి కొని పరీక్షించు కన్స్యూమర్ రిపోర్ట్స్ అను పత్రిక 2015 ఆగస్టులో ఈ కారులో ఒక రకమునకు నూటికి 103 మార్కులు వచ్చినవని ప్రకటించెను. నూటికి నూటమూడేమని మా విద్యార్థులు నవ్వవచ్చును. ఆ పత్రికవారును తమ కొలమానమునే సవరించుకొనవలసి వచ్చినది. రెండు నెలలు గడచునప్పటికి, ఆ అక్టోబరులో, అదే పత్రిక ఆ కారును కొనుడని చేసిన సిఫారసును ఉపసంహరించుకొనెను. ఏలయనగా సుమారు 1,400 మంది యజమానులు పంపిన సమాధానములనుబట్టి ఆ కారు సగటుకన్న హెచ్చుగా చెడుచున్నదని తేలినది. చోదక యంత్రము, చార్జి చేయు సాధనము, నడిమి తెర, కిఱ్ఱుకిఱ్ఱుమను పైకప్పు, నీరు కారు సందులు, ఇట్టివి ఫిర్యాదులు. ఐనను ఆ యజమానులలోనే నూటికి 97 మంది, మరల కొనవలసివచ్చినను ఇదే కారును కొందుమనిరి.

ఆ తొంబదియేడుగురిని మేము పరిహసింపము. కారు వారికి నిజముగా ఇష్టమైనది. ఆ మాట సత్యము. అది తరచుగా చెడినది; ఈ మాటయు సత్యము. ఆ పత్రిక చేసిన మేలేమనగా, ఈ రెండు సత్యములను రెండు లెక్కలుగా వేరువేరుగా అచ్చొత్తించుట. మనము మాత్రము మన ఇండ్లలో, విందులలో, బంధువుల నడుమ మొదటి లెక్కను బిగ్గరగా చదివి, రెండవ లెక్కను జేబులో పెట్టుకొనుచున్నాము.

విద్యుత్తు మోటారు చాల సరళమైన యంత్రము. పెట్రోలు ఇంజనులోవలె ముషలకములు, కవాటములు దానిలో లేవు. కదలు భాగములు స్వల్పము. అట్లయినచో కారు చెడుట ఏల? తరచుగా చెడునది మోటారు కాదు. దాని చుట్టును అమర్చిన క్రొత్త ఏర్పాటులు. బ్యాటరీ, దానిని చార్జి చేయు సాధనములు, తెరలు, తలుపు పిడులు, వీటినన్నిటిని నడుపు సాఫ్టువేరు, ఇవియే తొలినాళ్లలో యజమానిని ఏడిపించునవి. ఖరీదైన కారులో ఇట్టి హంగులు మెండు; హంగులు పెరిగినకొలది చెడుటకు తావులును పెరుగును. పైని చెప్పిన పత్రికయే 2023 నవంబరులో ప్రకటించిన లెక్కలలో, విద్యుత్తు కార్లకు పెట్రోలు కార్లకన్న నూటికి 79 వంతులు హెచ్చుగా ఇబ్బందులు కలిగినవి. 2024 డిసెంబరు లెక్కలో ఆ హెచ్చు 42 వంతులకు తగ్గినది. ఇంత తగ్గుట సంతోషకరమే. దోషములో చాల భాగము విద్యుత్తునందు గాక క్రొత్తదనమునందే యున్నదనుటకు ఇది ఆధారము. కాని క్రొత్తదనపు దోషము తనంతట తాను పోదు. ఎవరైన దానిని కనుగొని, వ్రాసి, చెప్పినప్పుడే పోవును.

ఒక లోపమును కొంచెము వివరింతుము. విద్యుత్తు కారులో సాధారణముగా రెండు బ్యాటరీలుండును. కారు అడుగున పరచియుండు పెద్ద బ్యాటరీ సుమారు 400 వోల్టులు, కొన్నిటిలో 800 వోల్టులు కలది. చక్రములను త్రిప్పునది ఇదియే. రెండవది పాత కార్లలోనున్నట్టి 12 వోల్టుల చిన్న బ్యాటరీ. తాళములు, దీపములు, కంప్యూటర్లు దీనితో పనిచేయును. పెద్ద బ్యాటరీని మోటారుతో కలుపు స్విచ్చులు మూతపడుటకును దీని శక్తియే కావలెను. కావున చిన్న బ్యాటరీ అడుగంటినచో, పెద్దదానిలో నాలుగువందల కిలోమీటర్లకు సరిపడు శక్తి యున్నను కారు మేల్కొనదు. ఏనుగు సిద్ధముగా నున్నను మావటివాడు నిద్ర లేవనట్టి స్థితి యిది. పెద్ద బ్యాటరీనుండి కొంత శక్తిని దించి చిన్నదానిని నింపు పెట్టె యొకటి కలదు. ఆ పెట్టె చెడినచో నడచుచున్న కారే దారిలో శక్తిని కోల్పోవచ్చును. హ్యుండాయ్, కియా కార్లలోను, ఆ వర్గమువారి ఖరీదైన జెనెసిస్ కార్లలోను ఈ పెట్టె చెడుచుండుటచేత 2024 మార్చిలో అమెరికాలో సుమారు 1,47,000 బండ్లను మరమ్మతునకై వెనుకకు పిలిచిరి. అదే సంవత్సరము నవంబరులో సుమారు 2,08,000 బండ్లను మరల పిలువవలసి వచ్చెను. మొదటి మరమ్మతు చాలలేదన్నమాట.

మా పూర్వవిద్యార్థి యొకడు హైదరాబాదులో మంచి ఉద్యోగమందుండి ఇట్టి కారునొకదానిని కొనెను. కంపెనీ పేరు ఇచట అనవసరము. మూడవ నెలలో ఒక ఉదయమున అది మేల్కొనలేదు. దానిని లారీమీద ఎక్కించి పంపవలసి వచ్చెను. పదునాలుగు దినములు అది సర్వీసు కేంద్రమున పడియుండెను. బంధువులు "కారేది నాయనా?" అని అడుగగా, మెరుగు పెట్టించుటకు పంపితినని చెప్పెనట. తరువాత మాతో ఈ సంగతి చెప్పుచు, "మేష్టరుగారూ, ఎనుబది లక్షలు పోసి కొన్నది కదలలేదని ఏ నోటితో చెప్పుదును?" అనెను. ఆ అబద్ధము చిన్నదే. కాని అతని పినతండ్రి కుమారుడు ఆ నెలలోనే అదే కారునకై బ్యాంకులో అప్పు వ్రాసియిచ్చెను. అన్నగారి కారు మేల్కొననట్టి సంగతి తెలిసియుండినచో అతడు కొనియుండునో లేదో మేము చెప్పలేము. కాని తెలిసికొని కొనుటకు అతనికి హక్కు కలదు. ఆ హక్కు ఒక చిన్న సిగ్గువలన పోయినది.

ఒక్కొక్కరు దాచుకొన్న సంగతులు ఒకచోట చేరినప్పుడు వాటికి ఎంత బలము కలుగునో చూడుడు. టెస్లావారి కొన్ని కార్లలో నడిమి తెర వెనుక 8 గిగాబైట్ల చిన్న చిప్పు ఒకటి యుండెను. కారు దినదినము తన లెక్కలను దానిపై వ్రాయుచుండగా, వ్రాసి తుడిచి మరల వ్రాయగా పలక అరిగినట్లు, అది అరిగిపోయెను. తెర చీకటిపడెను, వెనుక దారిని చూపు కెమేరా కనబడకపోయెను, అద్దముపై తేమను తొలగించు మీటలు అందకపోయెను. తెర ఆరిపోయిన ఒక్కొక్క యజమానికి ఇది తన కారునకు పట్టిన దురదృష్టమని తోచును. ఫిర్యాదులు ఒకచోట కుప్పపడినప్పుడే, ఇది ఒక కారు దురదృష్టము కాదు, ఆ చిప్పు గల కార్లన్నిటికి వచ్చు అరుగుదల యని తెలియును. అమెరికా రహదారి భద్రతాశాఖవారు 2021 జనవరిలో ఆ కార్లను వెనుకకు పిలువుమని కంపెనీని కోరిరి. ఫిబ్రవరిలో సుమారు 1,35,000 కార్లను పిలుచుటకు కంపెనీ యొప్పుకొనెను.

అన్ని లోపములును ఒక్క తీరువి కావు. తలుపు కిఱ్ఱుమనుట ఓర్చుకొనదగినది. తెర ఒకమారు ఆగి మరల వెలుగుట చికాకు కలిగించునది. కాని నడచు కారు నడిరోడ్డున ఆగుట, బ్యాటరీ వేడెక్కి మండుట, ఇవి ఓర్చుకొనదగినవి కావు. జాగ్వార్ కంపెనీ 2008 నుండి మన టాటా మోటార్సువారి సొత్తు. వారి ఐ-పేస్ అను విద్యుత్తు కారు 2018లో వెలువడి, 2019లో ప్రపంచపు మేటి కారు అను బహుమానమును పొందెను. అందు కొన్నిటి బ్యాటరీలు వేడెక్కి మంటలు పుట్టినవి. అమెరికాలో 2023లో ఆరువేలకు పైగా బండ్లను వెనుకకు పిలిచిరి. 2024లో 2019వ సంవత్సరపు బండ్లు 2,760 కలవారిని, నూటికి 80 వంతులకు మించి చార్జి కానీయవద్దనియు, కట్టడములకు దూరముగా ఆరుబయట నిలుపుడనియు హెచ్చరించిరి. పిమ్మట ఆ బండ్లను కంపెనీవారే తిరిగి కొనుటకు పూనుకొనిరి. బహుమానము అబద్ధము కాదు. మంటయు అబద్ధము కాదు. బహుమానమును చూచి మంటను క్షమింపరాదు.

"క్రొత్త యంత్రమునకు ఓర్పు చూపవలదా?" అని కొందరు, "పదేండ్లు ఆగి కొనరాదా?" అని మరికొందరు అడుగుదురు. ఇరువురి మాటయందును న్యాయము కలదు. తొలుత కొనువారే లేకున్న ఏ యంత్రమును మెరుగుపడదు. కావున తొలి కొనుగోలుదారుడు అవివేకి కాడు. కాని అతడు ఊరక కొనుగోలుదారుడు మాత్రమే కాడు, సాక్షి కూడను. సాక్షి మౌనము వహించినచో విచారణయే సాగదు. ఇక ఓర్పు ఎవరికి చెల్లునో చెప్పుటకు ఒక పాత కథ చాలును. థామస్ ఎడిసన్ విద్యుత్తు బండ్లకొరకు నికెలును ఇనుమును ఉపయోగించి ఒక బ్యాటరీని కల్పించి 1903 ప్రాంతమున అమ్మకమునకు పెట్టెను. కొంతకాలమునకే అవి కారజొచ్చెను; శక్తి కోల్పోవజొచ్చెను. 1904లో ఆయన తయారీని నిలిపివేసి, అమ్మినవాటిని తిరిగి తెప్పించుకొనెను. ఏండ్ల తరబడి శ్రమించి 1909లో సవరించిన బ్యాటరీని మరల వెలువరించెను. అది దీర్ఘకాలము మన్నునదిగా పేరుగాంచెను. ఈ లోపల, 1908లో, ఫోర్డుగారి మోడల్ టి అను పెట్రోలు కారు బయలుదేరి రోడ్లను ఆక్రమింపసాగెను. దోషమును ఒప్పుకొనుటవలన నష్టము కలుగదని మేము చెప్పము. నష్టమునకు సిద్ధపడి ఒప్పుకొన్నవానికే మన ఓర్పు చెల్లునని చెప్పుచున్నాము.

ఇట్టి కారు కొన్నవారు చేయవలసిన పనులు కొన్ని కలవు. కారులో ఒక చిన్న నోటుపుస్తకము నుంచుడు. లోపము కనబడిన తేదీ, తిరిగిన కిలోమీటర్లు, తెరపై వచ్చిన మాటలు, అప్పటి సాఫ్టువేరు సంఖ్య, సర్వీసువారు చెప్పిన జవాబు, కారు వారియొద్ద నున్న దినములు, ఇవన్నియు అందులో వ్రాయుడు. "ఎప్పుడును చెడుచున్నది" అను మాటకు విలువ లేదు. "నాలుగు నెలలలో మూడుమారులు, ఈ తేదీలలో" అను మాటకు కలదు. అనేకమైన ఇట్టి కార్లలో తలుపులు విద్యుత్తుచేత తెరచుకొనును. విద్యుత్తు లేనప్పుడు చేతితో లాగవలసిన మీట ఎచటనున్నదో ఇంటిలోని పెద్దలకును పిల్లలకును, ముఖ్యముగా వెనుక కూర్చుండువారికి, మొదటి దినముననే చూపుడు. ఇది మర్యాద విషయము కాదు, ప్రాణ విషయము.

చట్టము కూడ కొంత అండగా నున్నది. మన దేశమున 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, దోషము గల బండ్లను వెనుకకు పిలువుమని కంపెనీలను ఆజ్ఞాపించుటకు కేంద్ర ప్రభుత్వమునకు అధికార మిచ్చినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, చెల్లించిన వెల 50 లక్షలు మించనిచో జిల్లా కమిషనునందును, 2 కోట్లవరకు రాష్ట్ర కమిషనునందును, అంతకు మించినచో జాతీయ కమిషనునందును ఫిర్యాదు చేయవచ్చును. దానికి రెండేండ్ల గడువు కలదు. అక్కడ నిలుచునది ఆ నోటుపుస్తకమే.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇట్టి యంత్రములను నిర్మించువారగుదురు, కొందరు కొనువారగుదురు. నిర్మించువారు ఫిర్యాదు వ్రాసినవానిని శత్రువుగా నెంచకుడు. మీరు పరీక్షాశాలలో చూడలేకపోయినదానిని అతడు రోడ్డుమీద చూచినాడు. కొనువారు మీ కారును మనసార ప్రేమింపవచ్చును. కాని పొరుగువాడు వచ్చి "బండి ఎట్లున్నది?" అని అడిగినప్పుడు ఎంత ఇష్టమో చెప్పి ఊరకుండకుడు. ఎన్నిమారులు ఆగినదో కూడ చెప్పుడు.